బీచా, తోటా, ఊరి రోడ్డా, కొండా? విశాఖలో గుర్రపుస్వారీకి బాట ఎక్కడ వేసుకోవాలి

మా మొదటి బాట ఒక్క తుఫానుకే పోయింది. ఆనందపురం దాటాక ఒక జీడితోటలో మాకు చిన్న లాయం ఉంది. గుర్రాలు మూడు. తోట పైనుంచి కింద గెడ్డ (చిన్న వాగు) దాకా తిన్నగా దారి కొట్టించి, పొదలు నరికించి, గ్రావెల్ పోయించి, రోజూ చూసుకుని మురిసిపోయేవాళ్లం. అక్టోబరులో వాన పట్టింది. రెండు రోజులు వదల్లేదు. మూడో రోజు గొడుగేసుకుని వెళ్తే దారి ఉన్నచోట మోకాలి లోతు కాలవ ఉంది, గ్రావెల్ గెడ్డలో ఉంది. గోడ పని మీద వచ్చిన మేస్త్రి ఆ కాలవని కాసేపు చూసి, "నీరెటెల్తాదో అడక్కండా దారేసేసినారేటి బాబూ" అన్నాడు.

గుర్రం కొన్నవాళ్లూ, కొనబోతున్నవాళ్లూ, ఫార్మ్‌స్టే పెట్టి వచ్చినవాళ్లకి స్వారీ చూపిద్దామనుకునేవాళ్లూ నన్ను అడిగేది ఒకటే: విశాఖలో ఎక్కడ తిప్పాలి? చాలామంది మనసులో ముందే ఒక బొమ్మ ఉంటుంది, సముద్రం ఒడ్డున పొద్దుపొడుపులో గుర్రం పరుగు. ఆ బొమ్మని కాస్త పక్కన పెట్టమంటాను. ఎక్కడ తిరిగితే బావుంటుందన్నది చివర్లో చూసుకోవచ్చు. ముందు నీళ్ల సంగతి చూడాలి.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

నీరు. నాలుగైదు వందల కిలోల జంతువు అరచేతంత గిట్టల మీద నడుస్తుంది. నేల పొడిగా ఉంటే ఆ బరువుకి గట్టిపడుతుంది, తడిగా ఉంటే చిలికిన మజ్జిగలా అవుతుంది. ఎలా అయినా బాట మధ్యలో కుంగుతుంది. కుంగిన చోటికి వాన నీరు చేరి, అదే దారిన కిందకి పరిగెడుతూ మట్టిని లాక్కుపోతుంది. మనకి జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక విడత వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుఫానులు. ఏడాదిలో సగం బాట తడిగానే ఉంటుంది. 2014 హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబరు 12నే.

అందుకే వాలు లెక్క ముఖ్యం. వంద అడుగుల దూరానికి పది అడుగుల కంటే ఎక్కువ ఎక్కకూడదు. ఎక్కడైనా తప్పక కాస్త నిటారుగా వెళ్లాల్సివస్తే ఆ ముక్క చిన్నదిగా ఉండాలి. ఇంకో నియమం కూడా ఉంది: బాట వాలు, అది దాటుతున్న నేల వాలులో సగానికి మించకూడదు. మించితే నీరు బాటని అడ్డంగా దాటిపోకుండా బాట వెంటే దిగుతుంది. మేం చేసిన తప్పు సరిగ్గా అదే.

కొలవడానికి ఇంజనీరు అక్కర్లేదు. మేస్త్రీలు పునాది మట్టం చూడటానికి వాడే పారదర్శక గొట్టం చాలు. నీళ్లు నింపి, బుడగలు లేకుండా చూసుకుని, రెండు చివర్లనీ గుర్తులు పెట్టిన రెండు కర్రలకి కట్టండి. ఇద్దరు ఇరవై అడుగుల దూరంలో నిలబడితే రెండు కర్రల మీద నీటి గుర్తుకున్న తేడాయే ఎత్తు తేడా. అది రెండడుగులు దాటిందంటే దారి పక్కకి తిప్పాలి. మా రెండో బాట మొత్తం ఇలాగే గుర్తుపెట్టాం. మేస్త్రి ఒక చివర, నేను ఒక చివర, మధ్యలో మా అమ్మాయి సున్నం చల్లుతూ. ఒక ఆదివారం పట్టింది.

నేల. గిట్టకీ, కాలి నరాలకీ పడే నేలా కాదా అని. దీని గురించి కింద ఒక్కో చోటుతోపాటు చెప్తాను.

ఎదురయ్యేవాళ్లు. గుర్రానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. కనిపించనివి రెండే చోట్లు: ముక్కుకి సరిగ్గా ముందు, తోకకి సరిగ్గా వెనక. ఆ వెనక నుంచి చప్పుడు లేకుండా ఒక సైకిలు వచ్చిందనుకోండి, గుర్రం లెక్కలో అది పులి. మలుపుల దగ్గర కనీసం వంద అడుగుల ముందు దాకా కనపడని దారిని నేను ఒప్పుకోను.

వేడి. ఫారన్‌హీట్‌లో ఉష్ణోగ్రత, గాలిలో తేమ శాతం, రెండూ కలపండి. 130 లోపు ఉంటే టెన్షన్ లేదు. 150 దాటితే జాగ్రత్తగా, కొద్దిసేపు. 180 దాటితే జీను తీసి నీడలో కట్టెయ్యండి. విశాఖ మే నెలలో 95 డిగ్రీలు, 70 శాతం తేమ అంటే మామూలు రోజే, అక్కడికే 165 అయిపోయింది. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు "అక్కడ నలభై డిగ్రీలండీ, ఇక్కడ ముప్పై అయిదేగా" అంటారు. చెమట ఆరని ఊళ్లో ముప్పై అయిదే ఎక్కువ.

అనుమతి, ఏటా పడే పని. ఈ రెండూ పట్టికలో ఉన్నాయి.

| | బీచ్ | సొంత తోట | ఊరి గ్రావెల్ రోడ్డు, చెరువు గట్టు | కొండ |
|---|---|---|---|---|
| వాన వస్తే | బాట చెడదు, అలలతోనే భయం | సరిగ్గా వేస్తే రెండు రోజుల్లో ఆరుతుంది | గట్టు మీద అస్సలు వద్దు | కోత, జారుడు |
| గిట్టలకి | తడి ఇసుక మంచిది, పొడి ఇసుక చెడ్డది | మంచిది | గ్రావెల్ పర్వాలేదు, తారు జారుతుంది | రాయి గుచ్చుకుంటుంది |
| బెదరగొట్టేవి | జనం, గాలిపటాలు, అల నురుగు | పాములు, తాటాకు చప్పుడు | కుక్కలు, ట్రాక్టర్లు, హారన్లు | అడవి జంతువులు |
| నీడ | లేదు | ఉంది | అక్కడక్కడా | కొంత |
| అనుమతి | స్థానిక అధికారులు | మీదే | పంచాయతీ, ఆయకట్టు రైతులు | అటవీ శాఖ |
| ఏటా పని | లద్దె ఎత్తడం | ఎక్కువ, కానీ మీ చేతిలోనే | తక్కువ | చాలా ఎక్కువ |

## బీచ్

ముందు దీని గురించే చెప్పాలి, లేకపోతే ఎవరూ మిగతాది చదవరు.

ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే గుర్రాల్ని చూసి, అక్కడ గుర్రాన్ని తిప్పడం తేలికనుకుంటాం. అవి ఆ జనానికీ, ఐస్‌క్రీం బండి గంటకీ ఏళ్లగా అలవాటుపడ్డవి. రేసుల నుంచి విరమించిన థరోబ్రెడ్‌ని (పందేల జాతి గుర్రం) తీసుకెళ్లి ఆదివారం సాయంత్రం అక్కడ వదిలితే ఏమవుతుందో నేను చూశాను. మళ్లీ చూడాలని లేదు. ఋషికొండ సంగతి వేరు. దానికి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, పెంపుడు జంతువుల రాకని కట్టడి చెయ్యడం ఆ గుర్తింపు నియమాల్లో ఒకటి. కాబట్టి బీచ్ అంటే భీమిలి వైపు, జనం పలచబడ్డ చోట, తెల్లవారుజామున మాత్రమే.

అక్కడ కూడా పనికొచ్చేది ఒక పట్టీ అంతే. అల వెనక్కి తగ్గాక గట్టిగా, తడిగా మిగిలే ఇసుక. అడుగు వేస్తే గిట్ట అంచు గుర్తు పడాలి, గిట్ట మునగకూడదు. దాని పైన ఉండే పొడి ఇసుకలో పరుగెత్తిస్తే కాలి వెనక నరం దెబ్బతింటుంది. అలవాటు లేని గుర్రానికి మొదటి వారం పది నిమిషాల నడక చాలు. ఆ పట్టీ రోజూ ఒకే వెడల్పులో ఉండదు. ఆటు సమయం చూసుకుని దిగాలి. పౌర్ణమి, అమావాస్యలకి పోటు ఎక్కువ, ఒక్కోసారి పట్టీయే మిగలదు.

ఇంకో చిన్న విషయం. ఒడ్డు ఎప్పుడూ సముద్రం వైపు వాలి ఉంటుంది, అంటే వెళ్లేటప్పుడు ఒక వైపు కాళ్ల మీద బరువు ఎక్కువ పడుతుంది. వెళ్లిన దూరమే అదే పట్టీ మీద వెనక్కి వస్తే లెక్క సరిపోతుంది. ఒక వైపు స్వారీ చేసి రెండో చివర బండెక్కించి తెచ్చే ఏర్పాటు అందుకే నాకు నచ్చదు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ ఒడ్డునే గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో చీకట్లో దిగకండి, అల తగలని పైఇసుక మీదకి గుర్రాన్ని ఎక్కించకండి. మత్స్యకారులు వల లాగుతుంటే ఆగండి, ఆరేసిన వలల మీంచి వెళ్లకండి. అది వాళ్ల పని చోటు, మనం చుట్టాలం. తిరిగొచ్చాక కాళ్లు, పొట్ట కింద, జీను పట్టీల దగ్గర మంచినీళ్లతో కడగాలి. ఇసుక మీద గడ్డి వెయ్యకూడదు, గడ్డితోపాటు ఇసుక తింటే కడుపునొప్పి వస్తుంది, గుర్రానికి కడుపునొప్పంటే చిన్న రోగం కాదు.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తే మనసు లాగుతుంది. వద్దు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించిన చోటు అది. గట్టిపడని ఇసుకమట్టి అది, వాన నీరు చీల్చిన లోతైన చీలికలు నిండా ఉంటాయి. గుర్రం గిట్ట పడ్డ ప్రతి చోటా ఇంకో చీలిక మొదలవుతుంది. దీనిమీద నాతో వాదించినవాళ్లున్నారు, "ఒక్క ఫొటో" అని.

## సొంత తోటలో బాట

చూపించుకోడానికి ఏమీ ఉండదు. కానీ నన్నడిగితే మొదటి ఓటు దీనికే.

ఎందుకంటే మిగతా మూడు చోట్లా దారి ఎవరిదో, మనం దాన్ని వాడుకుంటాం. ఇక్కడ ఎక్కడ వాలు తగ్గించాలో, ఎక్కడ నీరు బయటికి వదలాలో, ఏ రోజు మూసెయ్యాలో మన ఇష్టం. నాలుగడుగుల వెడల్పు బాట చాలు, కానీ కొమ్మలూ పొదలూ ఎనిమిది అడుగుల వెడల్పున తీసెయ్యాలి. ఎత్తు కనీసం పదడుగులు, పన్నెండు అయితే ఇంకా మంచిది. జీడిచెట్టు గొడుగులా కిందకి వాలుతుంది కాబట్టి ఈ ఎత్తు దగ్గరే అందరూ మోసపోతారు. నేల మీద నిలబడి చూస్తే చాలా ఎత్తుగా కనిపించిన కొమ్మ గుర్రమెక్కాక సరిగ్గా మొహానికి వస్తుంది. గింజల కోత మే నెలకి అయిపోతుంది, కొమ్మలు ఆ తర్వాత కొట్టండి. గింజలు ఏరుకున్నాక రాలిన జీడిమామిడి పండ్లు కూడా ఊడ్పించాలి. లేకపోతే గుర్రం ప్రతి పండు దగ్గరా ఆగుతుంది, పులిసినవి తిని కడుపు మీదకి తెచ్చుకుంటుంది. మా చిన్నగుర్రం ఒక ఏప్రిల్ నెలంతా స్వారీ మానేసి పండ్ల వేటలోనే ఉంది.

బాట కింది అంచు పై అంచు కన్నా కొంచెం పల్లంగా ఉండాలి. నాలుగడుగుల వెడల్పుకి రెండున్నర అంగుళాలు. నీరు ఆ అంచు మీంచి పలచగా జారిపోతుంది. అంతేకాక ప్రతి నలభై, యాభై అడుగులకీ బాటని కాస్త దించి మళ్లీ ఎక్కించండి. ఆ దిగిన చోట ఎంతటి వాన నీరైనా ఆగి బయటికి పోవాల్సిందే. సిమెంటు తూములకన్నా ఇదే మేలు. తూము ఆకులతో పూడుకుపోతుంది, దించి ఎక్కించిన మట్టికి పూడుకుపోయేందుకేం లేదు. పక్కకి వదిలిన నీరు పొరుగువాళ్ల చేలో పడకుండా మాత్రం చూసుకోండి. మా రెండో ఏడాది తగాదా దాని మీదే.

లోటు ఏంటంటే చోటు. అయిదెకరాల తోట చుట్టుకొలత అర కిలోమీటరు దాటి కొంచెమే. నడకలో ఆరు నిమిషాలకి మొదలైన చోటికి వచ్చేస్తారు. లోపల మెలికలు తిప్పితే కిలోమీటరుకి లాగొచ్చు. పిల్లలు నేర్చుకోడానికి, గుర్రానికి రోజువారీ కసరత్తుకి అది చాలు. చేతిలో కాస్త పట్టు దొరికాక పెద్దవాళ్లకి మాత్రం మొహం మొత్తుతుంది.

కార్తీకమాసం ఆదివారాలు ముందే చెప్తున్నాను. వనభోజనాలకి చుట్టాలొచ్చేస్తారు, గాడిపొయ్యి బాట మధ్యలోనే తవ్వుతారు. ఆ నెల ఆదివారాలు గుర్రాలకి సెలవు ఇచ్చెయ్యడమే సులువు.

## ఊరి రోడ్లు, చెరువు గట్లు

తోటలో మొహం మొత్తినవాళ్లు సహజంగా వచ్చేది ఇక్కడికే. గ్రావెల్ రోడ్డు అంచున నడిపిస్తే గిట్టలకి ఇబ్బంది లేదు. తారు రోడ్డు మీద లాడం జారుతుంది, అక్కడ నడకే, ట్రాట్ (దుడుకు నడక) కూడా వద్దు.

మనుషులతో పేచీ రాదు, పలకరిస్తే చాలు. బైకు మీద వచ్చేవాణ్ణి చెయ్యెత్తి ఆపి, "బాబూ, కాస్త మెల్లగా, హారన్ కొట్టకు" అంటే ఆగుతాడు, పైగా ఫోటో తీసుకుంటాడు. ఎదురొచ్చేవాళ్లు ఏదో ఒక మాట మాట్లాడటం మంచిది, నెత్తిన గడ్డిమోపుతో వచ్చేది మనిషేనని గుర్రానికి అప్పుడే అర్థమవుతుంది. కుక్కలతోనే గొడవంతా. అందుకే బయట తిరిగే గుర్రానికి ధనుర్వాతం టీకాతోపాటు రేబిస్ టీకా కూడా వేయించండి. గేదెల మందలూ నిలవనీళ్లూ ఉన్నచోట వానాకాలంలో జోరీగలు ఎక్కువ. సర్రా జబ్బు వాటి ద్వారానే వస్తుంది, జ్వరం వస్తూ పోతూ గుర్రం చిక్కిపోతుంటే ఆలస్యం చెయ్యకుండా పశువైద్యుణ్ణి పిలవాలి. ఆగినప్పుడు గన్నేరు మొక్కకి దగ్గర్లో కట్టెయ్యకండి, నాలుగు ఆకులు కొరికినా ప్రాణం మీదకి వస్తుంది. హైవే మధ్యలోనూ, ఇళ్ల ప్రహరీల పక్కనా అది ఎంతగా ఉందో గుర్రం ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

చెరువు గట్టు చూడటానికి స్వారీ కోసమే కట్టినట్టుంటుంది. మట్టం, గాలి, పక్కన నీళ్లు. ఎండాకాలంలో రైతుల్ని అడిగి నడిపించుకోవచ్చు. వానాకాలంలో మాత్రం ఆ గట్టు ఊరికి ప్రాణం, దాని మీద గిట్ట గుంటలు పెట్టే హక్కు మనకి లేదు.

## కొండ

అనుభవం ఉన్నవాళ్లకి ఇదే కావాలి, దొరకడం కష్టం. కంబాలకొండ ఊరికి ఆనుకునే ఉంది, డెబ్బై చదరపు కిలోమీటర్ల పైన అడవి. అది అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా గుర్రాన్నే కాదు, మనం కూడా లోపలికి వెళ్లకూడదు. చిరుతలు తిరిగే చోటు కూడా. అనుమతి లేని దొంగదారి చూపించేవాళ్లు దొరుకుతారు, వాళ్ల వెంట వెళ్లొద్దు.

మీకే కొండవాలులో పట్టా భూమి ఉందనుకుందాం. ఇక్కడి కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్ రాయి. పైపొర మెత్తబడి పొడిపొడిగా రాలుతుంది, వాన పడితే జారుతుంది. తోటలో చెప్పిన వాలు లెక్కలన్నీ ఇక్కడ రెండింతలు పట్టింపుగా పాటించాలి. మెలిక తిరిగే చోట నేల దాదాపు చదునుగా, గుర్రం ఒళ్లు వంచకుండా తిరిగేంత వెడల్పుగా ఉండాలి. అడ్డదారి పడే చోట రాళ్లు పేర్చి మూసెయ్యాలి. లేకపోతే మూడో రోజుకే ఎవరో ఒకరు మెలిక మానేసి తిన్నగా దిగేస్తారు, నాలుగో వానకి అక్కడ గెడ్డ పుడుతుంది.

మాడుగుల, రోలుగుంట వైపు రోడ్డు లేని కొండ ఊళ్లకి ఇప్పటికీ బియ్యం, ఉప్పు గుర్రాల మీదే ఎక్కుతాయి. "మరి అవి నిటారు దారిలో ఎక్కడంలేదా?" అని అడుగుతారు. ఎక్కుతాయి. అవి పొట్టిగా, గట్టి గిట్టలతో, పుట్టినప్పటి నుంచి ఆ రాళ్ల మీదే నడిచినవి. ఎవరూ వాటిని క్యాంటర్ (మెల్లని పరుగు) చెయ్యించరు, పక్కన మనిషి నడుస్తాడు. వాటిని చూసి మన థరోబ్రెడ్‌ని ఎక్కిస్తే మొదటి మలుపులోనే లాడం ఊడుతుంది.

అరకు వైపు చల్లగా ఉంటుంది కదా, అక్కడే పెడితే? చల్లదనం నిజమే. కానీ అది షెడ్యూల్డ్ ప్రాంతం, గిరిజనేతరులు అక్కడ భూమి కొనలేరు. ఎవరి దారిలోనో అతిథులుగా వెళ్లి రావడం తప్ప బాట వేసే మాట లేదు.

## మరి ఎవరికి ఏది?

ఒకటో రెండో గుర్రాలు, వారంలో నాలుగు రోజులు స్వారీ చేసేవాళ్లు తోటలో బాట వేసుకుని, వారానికి ఒకసారి ఊరి గ్రావెల్ రోడ్డుకి వెళ్లండి. డిసెంబరులో చల్లగా ఉన్నప్పుడు నెలకోసారి భీమిలి ఒడ్డు. దీన్ని మించిన ఏర్పాటు విశాఖలో నాకు కనపడలేదు.

పిల్లలకి నేర్పించేవాళ్లకి తోట ఒక్కటే. కంచె ఉండాలి, గేటు వెయ్యాలి. ఇంకేం ఆలోచించకండి.

ఫార్మ్‌స్టే వాళ్లకి నా సలహా నచ్చదు. అతిథి బీచ్ అడుగుతాడు, ఆ బొమ్మ చూసే గది బుక్ చేసుకుని ఉంటాడు. కానీ జీవితంలో మొదటిసారి జీనెక్కిన మనిషిని అలల పక్కకి తీసుకెళ్లడం, మీరు పక్కన తాడు పట్టుకుని నడిచినా, నాకు భయమే. తోటలో రెండు చుట్లు తిప్పాక, నడకలో నిటారుగా కూర్చోగలిగినవాళ్లని మాత్రమే మర్నాడు తెల్లవారి ఒడ్డుకి తీసుకెళ్లండి. సగం మంది మొదటి చుట్టుకే తొడలు పట్టేసి చాలంటారు, ఆ సమస్య అక్కడే తీరిపోతుంది. గుర్రం నుదుటికి తిన్నగా ఎదురుగా చెయ్యి పెట్టొద్దని, వెనక నుంచి రావొద్దని ఎక్కకముందే చెప్పండి, ఎక్కాక వాళ్లకేం వినపడదు.

దూరాలు వెళ్లాలనుకునే అనుభవజ్ఞులు ఊరి రోడ్లనే కలుపుకుంటూ పదిహేను, ఇరవై కిలోమీటర్ల చుట్టు గీసుకోండి. ముందు ఒకసారి బైకు మీద తిరిగి కుక్కలున్న సందులు, ఇరుకు కల్వర్టులు, నీళ్లు పట్టే బోర్లు గుర్తుపెట్టుకోవాలి. గుర్రానికి రోజుకి పాతిక నుంచి యాభై లీటర్ల నీళ్లు కావాలి. చెమటతో ఉప్పు పోతుంది కాబట్టి నీళ్లొక్కటే చాలవు, దాణాలో ఉప్పు కలపాలి.

బాట వేశాక ఏటా చెయ్యాల్సిన పని కూడా చెప్పేస్తాను, దీన్ని లెక్కలో వేసుకోకుండానే చాలామంది మొదలుపెడతారు. వానలకి ముందు, మే చివర్లో, ఇద్దరు మనుషులు పారతో మొత్తం నడవాలి. దిగిన చోట్ల చేరిన మట్టి తీసి, కుంగిన మధ్యభాగంలోకి వేసి తొక్కించాలి, కింది అంచున పేరుకున్న మట్టి గట్టుని కోసెయ్యాలి. ఆ గట్టు రెండంగుళాలున్నా నీరు బయటికి పోదు. మొదటి పెద్ద వాన కురుస్తున్నప్పుడే గొడుగేసుకుని ఒకసారి నడవండి, నీరు ఎక్కడ ఆగుతోందో ఆ రోజు కనిపించినంత స్పష్టంగా మళ్లీ కనిపించదు. వాన వెలిశాక గిట్ట గుర్తు అంగుళానికి మించి దిగుతుంటే ఆ రోజు బాట మూసెయ్యాలి. మాకు గేటు దగ్గర ఒక ఎర్ర గుడ్డ ఉంటుంది, అది కట్టి ఉన్న రోజు లాయంలో ఉలవలు ఉడకబెట్టి, జీను తోలుకి నూనె రాసుకుంటూ కూర్చుంటాం.